ముఖచిత్రమునకు నోచని ముఖములు

మన పట్టణములలో బట్టల దుకాణమునకు పోయినవారు ద్వారమునొద్ద వరుసగా నిలిపియుంచిన బొమ్మలను చూచియే యుందురు. వాటికి వెంకటగిరి చీరయు, గద్వాల చీరయు, పోచంపల్లి చీరయు ఎంతయో అందముగా కట్టియుంచెదరు. ఆ చీరను నేసినవాని మేనిచాయ యొకటి; దానిని కొనవచ్చిన యిల్లాలి చాయ యొకటి; కట్టుకొని నిలిచిన బొమ్మ చాయ మాత్రము ఈ రెంటిలో నేదియు కాదు. మీగడవంటి తెల్లని మొగము, పిల్లికన్నులు, కోసినట్లున్న సన్నని ముక్కు. ఒకమారు నాకు పరిచయమున్న ఒక దుకాణదారుని, "మన ఊరి ఆడవారిని పోలిన బొమ్మ ఒక్కటియు లేదేమండీ?" అని అడిగితిని. ఆయన నవ్వి, "తెల్ల మొగం మీదనే చీర రంగు తేలుతుందండీ. కొనేవాళ్ళకూ అదే యిష్టం" అనెను. ఆయన మనస్సులో ఎవరియెడలను ద్వేషము లేదు. ఆయనయు చామనచాయ మనిషియే.

ఈ సమాధానమునే, మరికొంత నాగరికమైన మాటలలో, న్యూయార్కు, లండన్, పారిస్, మిలాన్ నగరములలోని ఫ్యాషను వ్యాపారులు చాలకాలము చెప్పుచు వచ్చిరి. ఈ యేడు ఏ బట్ట కట్టుట అందము, ఏ మొగము అందము అని లోకమునకు చెప్పు నగరములు ఈ నాలుగే యని పేరు. అచ్చట నల్లజాతివారికిని, ఆసియా దేశములవారికిని జరిగిన అన్యాయమును గూర్చి మీకు కొన్ని సంగతులు చెప్పవలయునని నా కోరిక. ఆ అన్యాయము తిట్టు రూపమున వచ్చినది తక్కువ. ఎంపిక రూపమున వచ్చినదే ఎక్కువ. తిట్టును పదిమందియు విందురు. ఎంపిక కాని మనిషి మొగమును ఎవరును చూడరు. కనుకనే ఆ అన్యాయమును కూడ ఎవరును చూడలేదు.

ఆ వృత్తి నడచు తీరును కొంచెము తెలిసికొన్నగాని ఈ మాట బోధపడదు. కొత్త దుస్తులను ఊహించి కుట్టించువారు రూపకర్తలు. వాటిని ధరించి ప్రదర్శనలలో నడచువారును, ఛాయాచిత్రములకు నిలుచువారును మోడళ్ళు. మోడళ్ళను కుదిర్చిపెట్టుటకు ఏజెన్సీలు గలవు. ఆ పైని ఛాయాచిత్రకారుడు, పత్రికా సంపాదకుడు, ప్రకటనలకు డబ్బిచ్చు వ్యాపారి ఉందురు. నల్లజాతి యువతి ఒకతె పనికొరకు వచ్చినదనుకొనుడు. "నాకేమియు అభ్యంతరము లేదు, రూపకర్తలు అడుగుటలేదు" అని ఏజెన్సీవారందురు. "నాకేమియు అభ్యంతరము లేదు, ఏజెన్సీవారు పంపుటలేదు" అని రూపకర్త యనును. సంపాదకుడు పాఠకులపై నెపము పెట్టును. వ్యాపారి కొనుగోలుదారులపై పెట్టును. కొనుగోలుదారుల నెవ్వరును అడిగి చూడలేదు. ఇట్లు అందరును మంచివారే యయి, ఆ యువతికి మాత్రము పని దొరకకుండెను.

ఇట్లు ద్వారములన్నియు మూసియుండగా వాటిని తట్టుచు నిలువక ప్రక్కదారిని వెదకినది నవోమీ సిమ్స్. ఆమె 1948 లో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రమున పుట్టి, పిట్స్‌బర్గు నగరమున పెరిగి, చదువుకొరకు న్యూయార్కు చేరెను. పొడవైన మనిషి, నల్లని మేను. ఆమె మోడలు కావలయునని ఏజెన్సీల చుట్టును తిరిగెను. మేని నలుపు మరీ ఎక్కువ యని కొందరు మొగము మీదనే చెప్పిరి. అంత నామె ఏజెన్సీలను విడిచి నేరుగా ఒక ఛాయాచిత్రకారుని యొద్దకు పోయెను. 1967 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్ పత్రికవారి ఫ్యాషను అనుబంధము మీద ఆమె చిత్రము వెలువడెను. అప్పటికామెకు పందొమ్మిదేండ్లు.

అంతటి పత్రిక మీద బొమ్మ పడిన తరువాతనైనను ఏజెన్సీలు పిలుచునని మీరనుకొందురు. పిలువలేదు. ఆమె అప్పుడు చేసిన పని నాకు మిక్కిలి నచ్చినది. విల్‌హెల్మీనా కూపర్ అను మాజీ మోడలు అప్పుడే క్రొత్తగా ఒక ఏజెన్సీ పెట్టియుండెను. ఆమె కడకు పోయి నవోమీ చెప్పిన దిది: "ఈ అనుబంధపు ప్రతులను నేనే ప్రకటనల సంస్థలకు పంపుదును. వాటితోపాటు మీ టెలిఫోను సంఖ్యను మాత్రము జతచేయుదును. పని వచ్చినచో మీ వంతు రుసుము మీరు తీసికొనుడు. రానిచో మీకు కలుగు నష్టమేమియు లేదు." పని వచ్చినది. సంవత్సరము తిరుగకముందే ఆమె సంపాదన వారమునకు వేయి డాలర్లకు చేరినది! 1968 నవంబరులో లేడీస్ హోమ్ జర్నల్ అను గృహిణుల పత్రిక ముఖచిత్రముగా ఆమె బొమ్మను వేసెను. ఆ పత్రికపై నల్లజాతి స్త్రీ కనబడుట అదియే ప్రథమము. పాఠకులకు నచ్చదను మాట ఎంత ఉత్తదో ఆ ఒక్క టెలిఫోను సంఖ్య తేల్చినది. అయిదేండ్లకే ఆమె ఆ వృత్తిని విడిచి, నల్లజాతి స్త్రీల జుట్టు తీరునకు సరిపోవు సవరముల వ్యాపారము పెట్టి గొప్పగా నడపెను. అంతకు ముందు అంగళ్ళలో దొరకుచుండిన సవరములు చాలవరకు తెల్లవారి జుట్టును పోలినవే.

పేరుపొందిన వోగ్ పత్రిక సంగతి చూడుడు. ఆ పత్రిక అమెరికాలో 1892 లో పుట్టినది. దాని ముఖచిత్రముగా నల్లజాతి స్త్రీ కనబడినది 1974 ఆగస్టులో. ఆమె పేరు బెవర్లీ జాన్సన్. నడుమ గడచినవి 82 ఏండ్లు. ఇంగ్లాండు ప్రతి 1916 లో మొదలయి 1966 మార్చిలో డోన్యేల్ లూనా అను నామె చిత్రమును వేసెను. అందులోనైనను ఆమె చేయి మొగములో చాలభాగమును కప్పుచుండెను. వ్రేళ్ళ సందునుండి ఒక కన్ను మనలను చూచుచుండెను. అది ఛాయాచిత్రకారుని చమత్కారమే యని కొందరును, ముక్కును పెదవులను దాచుటకే యని కొందరును అందురు. ఫ్రాన్సు ప్రతి 1920 లో పుట్టి 1988 ఆగస్టు వరకు ఆగినది. ఆ చిత్రము నవోమీ క్యాంబెల్‌ది. అదియు సులభముగా రాలేదు. ప్రసిద్ధ రూపకర్త ఈవ్ సెయింట్ లోరాన్ తన ప్రకటనలను మానివేయుదునని బెదిరించిన పిదపనే వచ్చినది. న్యాయమని చెప్పినప్పుడు చెవినిబెట్టనివారు నష్టమని చెప్పినప్పుడు వినిరి!

మనుష్యులే కాదు, పరికరములు సైతము పక్షపాతము చూపినవనిన మీకు వింతగా తోచవచ్చును. రంగుల ఛాయాచిత్రములు వచ్చిన క్రొత్తలో కోడక్ కంపెనీవారు ముద్రణశాలలకు ఒక నమూనా కార్డు పంపుచుండిరి. దానిపై ఒక తెల్లజాతి స్త్రీ చిత్రముండెడిది. ఆ కంపెనీలో పనిచేసిన ఒక యువతి పేరుమీద దానిని షర్లీ కార్డు అనిరి. ఆమె మేనిరంగు సరిగా వచ్చినచో చిత్రమంతయు సరిగా వచ్చినట్లే లెక్క. ఇట్లు తెల్లని మేనికి సరిపోవునట్లు కుదిర్చిన ఫిల్ముపై నల్లనివారి మొగములు మసకబారి, పండ్లును కనుగ్రుడ్డులును మాత్రమే తెల్లగా కనబడుచుండెను. నల్లజాతి తల్లులు తమ బిడ్డల బడిచిత్రములను చూచి నొచ్చుకొనిరి. కాని ఫిల్మును మార్చుటకు బలమైన కారణమయినది వారి బాధ కాదట! చాకొలెట్టు తయారుచేయువారును, కొయ్యసామాను అమ్మువారును తమ సరకులలోని గోధుమవర్ణపు తేడాలు ప్రకటనలలో కనబడుటలేదని ఫిర్యాదు చేసిరట. ఆ కంపెనీలో పనిచేసినవారే తరువాత ఈ సంగతి చెప్పిరి. ఇది విన్నప్పుడు నాకు నవ్వు వచ్చినది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలువలేదు.

ఇక నల్లజాతి మోడళ్ళు తమ ప్రతిభను తెరచిచూపిన రోజును గూర్చి చెప్పెదను. 1973 నవంబరు 28 వ తేదీ. పారిస్ నగరమునకు చేరువ వెర్సాయి రాజప్రాసాదము శిథిలమగుచుండగా దానిని బాగుచేయుటకు ధనము కూర్చవలయునని ఒక గొప్ప ఫ్యాషను ప్రదర్శన ఏర్పాటుచేసిరి. ఫ్రాన్సునుండి అయిదుగురు రూపకర్తలు, అమెరికానుండి అయిదుగురు. ఫ్రెంచివారికి ఆ కళ తమ సొత్తే యను గర్వము. వారు వాద్యబృందమును, రథములను, బ్రహ్మాండమైన తెరలను సిద్ధపరచుకొని రెండు గంటలకు పైగా ప్రదర్శన చేసిరి. అమెరికావారికి అపశకునములే ఎదురయినవి. వారి వెనుకతెరను గీసినవారు మీటర్లకును అడుగులకును భేదము మరచిరట, తెర పొట్టిదయిపోయెను. కొలతల లెక్కలనిన విసుగుకొను విద్యార్థులు ఈ మాటను జ్ఞాపకముంచుకొందురు గాక! చివరకు వారికి మిగిలినది దాదాపు బోసిగా నున్న వేదిక, టేపుమీది పాట, తమ మోడళ్ళు.

ఆ మోడళ్ళు 36 మంది. వారిలో సుమారు 10 మంది నల్లజాతి యువతులు. ప్యాట్ క్లీవ్‌లాండ్, బిల్లీ బ్లేర్, ఆల్వా చిన్, బెథాన్ హార్డిసన్ మొదలగువారు. అంతవరకు ఆ ప్రేక్షకులు చూచిన మోడళ్ళు బొమ్మలవలె నిలుచుచు, తిరుగుచు పోవువారు. ఈ యువతులు పాటకు తగినట్లు నడచిరి, గిరగిర తిరిగిరి, పైట చెంగును నటి విసరినట్లు దుస్తుల అంచులను విసరిరి. అమెరికా రూపకర్తలలో ఒకడైన స్టీఫెన్ బరోస్ కూడ నల్లజాతివాడే. అరగంటలో ప్రదర్శన ముగిసెను. సభలోని ప్రభువంశీయులు, కోటీశ్వరులు లేచినిలిచి, చేతిలోని కార్యక్రమ పత్రములను గాలిలోని కెగురవేసిరి. ఆ రాత్రి విజయము అమెరికాదే యని ఫ్రెంచివారును ఒప్పుకొనిరి.

కథ ఇచ్చట ముగిసినచో బాగుండెడిది. ముగియలేదు. ఫ్యాషనులో పొడుగు లంగా, పొట్టి లంగా వచ్చిపోవునట్లే నల్లని మొగములు కూడ ఒక కాలమున వచ్చి, మరియొక కాలమున పోయినవి. ఇటలీకి చెందిన ప్రాడా సంస్థ ప్రదర్శనలో 1997 లో నవోమీ క్యాంబెల్ నడచిన పిమ్మట మరియొక నల్లజాతి మోడలు నడచుటకు 2008 వరకు పట్టినది. ఆమె జోర్డన్ డన్ అను ఇంగ్లాండు యువతి. నడుమ పదునొకం డేండ్లలో ఆ సంస్థకు తగిన నల్లజాతి యువతి భూమండలమున ఒక్కతెయు కనబడలేదా? ఆ 2008 జూలైలోనే ఇటలీ వోగ్ పత్రిక, సంపాదకురాలు ఫ్రాంకా సొజ్జానీ పూనికతో, నల్లజాతి మోడళ్ళతోనే ఒక సంచికను వెలువరించెను. నల్లని మొగమున్న పత్రిక అమ్ముడుపోదని వాదించినవారు దానిని తిరిగి అచ్చువేయవలసివచ్చుట చూచి ఏమనిరో!

వెర్సాయి వేదికపై నడచిన బెథాన్ హార్డిసన్ ఆ తరువాత సొంతముగా ఏజెన్సీ పెట్టి, ఎందరో యువతీయువకులకు దారి చూపెను. 2013 సెప్టెంబరులో ఆమె నవోమీ క్యాంబెల్, ఇమాన్ అను మోడళ్ళతో కలిసి, నాలుగు నగరములలోని ఫ్యాషను సంఘములకు బహిరంగలేఖలు వ్రాసెను. ఎవరి ప్రదర్శనలో నల్లజాతి మోడలు ఒక్కతెయు లేదో, ఎవరి ప్రదర్శనలో ఒక్కతె మాత్రమే యున్నదో సంస్థల పేర్లతో సహా అందు చూపెను. అందలి ముఖ్యమైన మాట, ఉద్దేశమేదైనను ఫలితము జాతివివక్షయే యనునది.

ఈ మాటపై పెద్ద వాదము చెలరేగినది. "మేము కళాకారులము, మా ఊహకు తగిన మొగమును ఎన్నుకొను స్వాతంత్ర్యము మాకు లేదా? మమ్ము జాతిద్వేషులనుట అన్యాయము" అని కొందరు నొచ్చుకొనిరి. వారి మాటను తేలికగా త్రోసివేయరాదు. చిత్రకారుని ఈ రంగే వాడుమని నిర్బంధించుటకు ఎవరికిని అధికారము లేదు. ఒక్క రూపకర్త, ఒక్క ప్రదర్శన మాత్రమే అయినచో నేను వారి పక్షముననే నిలిచెడివాడను. కాని వందలకొలది రూపకర్తల స్వతంత్రమైన ఊహలు ఏటేట ఒకే రంగు మొగమువద్దకు వచ్చి ఆగినప్పుడు దానిని స్వాతంత్ర్యమనుట ఎట్లు? మోడళ్ళందరు ఒకే తీరున నున్నగాని చూపరుల దృష్టి దుస్తులమీద నిలువదని మరికొందరనిరి. మంచిది. అట్లయినచో ఒక యేడు అందరును నల్లనివారుగనే ఒకే తీరున నుండవచ్చును గదా! ఆ ఆలోచన వారిలో ఎందరికి తట్టినది? తట్టకపోవుటయే వ్యాధి. ద్వేషించువానికి తాను ద్వేషించుచున్నానని తెలియును. అలవాటు పడినవానికి తన అలవాటు తెలియదు. అందుచేత హార్డిసన్ మనస్సులను పరిశోధింపబోక తలలను లెక్కించెను. అది న్యాయమైన పద్ధతియని నా అభిప్రాయము.

పని దొరకిన తరువాతనైనను సమానత్వము వచ్చెననుటకు వీలులేదు. ఇమాన్ సోమాలియా దేశపు యువతి. 1975 లో నైరోబీలో చదువుకొనుచుండగా ఒక ఛాయాచిత్రకారుడు ఆమెను గుర్తించి న్యూయార్కు రప్పించెను. అచ్చట తొలి పనిలోనే ముఖాలంకరణ చేయువాడు, "నీ చాయకు తగిన లేపనము నీవు తెచ్చుకొంటివా?" అని అడిగెనట. ప్రక్కన కూర్చున్న తెల్లని మోడలును అట్లడుగలేదు. ఆమెకు ఉన్నదేదో పూసిరి. అద్దములో చూచుకొనగా మొగము బూడిదవర్ణమున నుండెను. నాటినుండి ఆమె తన లేపనమును తానే కలుపుకొనుట నేర్చి, 1994 లో నల్లనివారికిని చామనచాయవారికిని తగిన అలంకరణ సామగ్రిని తయారుచేయు సంస్థను స్థాపించెను. 2017 లో బార్బడోస్ ద్వీపమున పుట్టిన గాయని రిహాన్నా ఒకేసారి 40 చాయలలో లేపనమును విడుదలచేయగా, ముదురు చాయలే అనేక దుకాణములలో ముందుగా చెల్లిపోయినవి. అది చూచి తక్కిన కంపెనీలును తమ చాయల సంఖ్యను పెంచుకొనినవి. అడుగువారు లేరనుకొన్నది నిజము కాదు, అమ్మువారే లేకుండిరి.

ఇంతవరకు చెప్పినది పరదేశముల మాట. ఈ కథలో తెలుగువారి ఆడపడుచు ఒకతె కలదు. ఫ్యాషనుకు తోబుట్టువు వంటివి సౌందర్యపు పోటీలు. అమెరికాలో మిస్ అమెరికా యను పోటీకి ఒకప్పుడు, పాల్గొనునది తెల్లజాతి యువతియే కావలయునని నిబంధనయే యుండెను. 1950 లో దానిని తొలగించినను, నల్లజాతి యువతి మొదటిసారి ఆ వేదిక నెక్కినది 1970 లో. కిరీటము ధరించినది 1983 లో. 2013 సెప్టెంబరు 15 వ తేదీన ఆ కిరీటము నీనా దావులూరికి దక్కినది. ఆమె తల్లిదండ్రులు విజయవాడనుండి అమెరికాకు వలసపోయినవారు. ఆమె అచ్చటనే పుట్టినను పసితనమున కొంతకాలము విజయవాడలో అమ్మమ్మగారి యింట పెరిగెను. పోటీలో ఆమె మన శాస్త్రీయ నృత్యమును హిందీ చిత్రముల నృత్యముతో మేళవించి ఆడెను.

కిరీటము తలపైకెక్కిన గంటలోనే దూషణలు మొదలయినవి. ఆమె అమెరికను కాదనిరి; అరబ్బు అనిరి; తీవ్రవాది యనిరి. అమెరికాలో పుట్టి పెరిగి, అమెరికా రాష్ట్రమునకు ప్రతినిధిగా గెలిచినదానిని! ఇది విని మనవారు ఆగ్రహించుట సహజమే. కాని ఆ వారముననే మన దేశమున వినబడిన మాట వేరొకటి. ఇంత చామనచాయగల పిల్ల ఇచ్చటి పోటీలో నిలిచియున్నచో గెలిచెడిది కాదని ఇచ్చటి పత్రికలే వ్రాసినవి. అచ్చటివారికి ఆమె పరాయిది. ఇచ్చటివారికి ఆమె చాయ తక్కువది. ఆ తరువాత ఆమె మేనిరంగు వివక్షకు విరుద్ధముగా ప్రచారము సాగించి, ఆ విషయముపై ఒక చిత్రమును కూడ నిర్మించెను.

మన వార్తాపత్రికలలో పెండ్లి ప్రకటనలను చదివినవారికి ఆ మాట అబద్ధమనిపింపదు. తెలుపు చేయుదునను క్రీము ఒకటి 1975 నుండి మన దేశమున అమ్ముడగుచు వచ్చినది. నల్లగా నున్నంతకాలము ఉద్యోగము రాని పిల్లకు, క్రీము పూసికొనగనే ఉద్యోగము వచ్చినట్లు దాని ప్రకటనలలో చూపుచుండిరి. నల్లనివారిని దుఃఖితులుగను, పెండ్లికి పనికిరానివారుగను చూపరాదని ప్రకటనల ప్రమాణ మండలి 2014 లో నియమము చేసెను. 2020 లో ఆ క్రీము పేరునుండి తెలుపు అను అర్థమిచ్చు మాటను తీసివేసిరి. క్రీము మాత్రము ఉన్నది.

ఇందరి తప్పులను చెప్పితిని గనుక నాదొకటి చెప్పకుండుట ధర్మము కాదు. మన పిల్లల రంగుబలపముల పెట్టెలలో లేత గులాబివర్ణపు బలపమొకటి ఉండెడిది. దానిపై 'స్కిన్', అనగా చర్మపు రంగు, అని వ్రాసియుండెడిది. ఎవరి చర్మమో వ్రాయలేదు. మా మేనకోడలు చిన్నతనమున ఒకనాడు తన అమ్మమ్మను, అనగా మా అమ్మను, ఎదుట కూర్చుండబెట్టుకొని బొమ్మ గీసెను. మా అమ్మ ఎండలో పొలము పనులు చేసిన మనిషి, మంచి నలుపు. బొమ్మలో ముక్కుపుడక సరిగా వచ్చినది. నెరసిన ముడియు, చెవికమ్మలును సరిగా వచ్చినవి. మొగమునకు మాత్రము పిల్ల పెట్టెలో వెదకి, ఆ 'స్కిన్' బలపమును తీసి శ్రద్ధగా రుద్దెను. ఇంటిల్లిపాదియు బొమ్మ చుట్టును చేరి, అచ్చముగా అమ్మమ్మయే యని మెచ్చుకొంటిమి. గోడకు కూడ అంటించితిమి. అది ఎన్నో నెలలు అచ్చటనే యుండెను. దాని క్రిందనే మా అమ్మ రోజును కూర్చుండెడిది. మాలో నొక్కరికిని ఏమియు తోచలేదు.